గొంగళిపురుగుకు ఇంటిపేరు మార్పిడి

అరిజోనా ఎండుభూముల్లో ఒళ్లంతా బొచ్చుతో తిరిగే గొంగళిపురుగు ఒకటుంది. ఈ ఆకు నాలుగు కొరుకులు, ఆ ఆకు రెండు కొరుకులు, ఒకచోట నిలవదు. పెద్దయితే పులి చిమ్మట. ఇంతవరకూ పేచీ లేదు. పేరేమిటని అడిగారా, కాస్త కూర్చోండి, టైం పడుతుంది.

2005లో ఎలిజబెత్ బెర్నేస్, మైకేల్ సింగర్ అనే పరిశోధకుల వ్యాసంతో నేచర్ పత్రికకెక్కినప్పుడు అది గ్రామియా జెనూరా. 2009లో అదే సింగర్, అదే బెర్నేస్ రాసిన మరో వ్యాసంలో గ్రామియా ఇన్‌కరప్టా. 2016లో జన్యువులు చదివిన పెద్దలు గ్రామియా అనే ప్రజాతినే తీసుకెళ్లి అపాంటెసిస్‌లో కలిపేశారు. ఈలోగా ఆర్క్టిడే కుటుంబం హోదా పోగొట్టుకుని ఎరెబిడే కింద ఉపకుటుంబంగా సర్దుకుంది. పదేళ్లు దాటేసరికి పేరు, ఇంటిపేరు, వంశం మూడూ మారాయి. రేషన్ కార్డులో ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి మనకు చెప్పులరుగుతాయి. పురుగుకు పలుకుబడి బాగానే ఉన్నట్టుంది!

అది మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. దాని బాధలు దానివి. టాకినిడ్ ఈగ వచ్చి ఒంటి మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పుట్టి లోపలికి దూరి, బతికున్న పురుగునే భోంచేస్తుంది. అప్పుడు పురుగు విషపు మొక్కల మీద పడుతుంది. పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లున్న మొక్కలవి. మనవాళ్లు పచ్చిరొట్టకు చల్లే జనుముకు చుట్టమైన ఒక క్రోటలేరియా కూడా వాటిలో ఉంది. ఈగ సోకిన పురుగు నోటి రుచికణాలే ఆ విషానికి మరింత ఉరకలేస్తాయని మొదటి వ్యాసం చెప్పింది. సోకిన పురుగులు ఆ విషం తింటే బతికే అవకాశం పెరుగుతుంది, సోకనివి తింటే నష్టపోతాయి అని రెండోది తేల్చింది. అంటే రోగముంటేనే మందు. జలుబుకు కూడా యాంటీబయాటిక్ కొనుక్కుని మింగే మనం ఆ బొచ్చుపురుగు ముందు తలెత్తుకోగలమా?

ఇంత వైద్యం తెలిసిన జీవి చరిత్ర ఇప్పుడు మూడు పేర్ల కింద చెల్లాచెదురు. కొత్త పేరొక్కటే తెలిసిన విద్యార్థి 2005 వ్యాసం ముందు నుంచే నడిచిపోతాడు. రెక్కల మీద గీతలు చూసి కట్టిన చుట్టరికాలను జన్యువులు దిద్దుతున్నాయంటారు. నిజమే, దిద్దండి. రెక్కలను నమ్మి మోసపోయినవాళ్లను పొగడమని ఎవరూ అడగడం లేదు. కానీ ఇల్లు మార్చినవాడు గుమ్మం మీద కొత్త చిరునామా అంటించి వెళ్తాడు; ఆపాటి మర్యాదైనా లేకుండా, కొత్త పేరు పెట్టడమే పరిశోధన అయిపోయినట్టు జబ్బలు చరుచుకుంటే ఎలా?

ఈగకు ఈ చిక్కేం లేదు. 2005లో ఎక్కిన వీపే ఇప్పటికీ ఎక్కుతోంది, ఏ సవరణా చదవకుండా.