కౌలేయక వ్యాఖ్య

మూలం: ఆయ్, మాది ఊరకుక్క కాదండి, ప్యూర్ బ్రీడండి.

టీక: యానాంలో గేటు లోపలి నుంచి వీధిలోకి వినవచ్చే వాక్యమిది. "ఆయ్" గోదావరి మర్యాద, "ఊరకుక్క" అందరూ ఎరిగిన ప్రాణి. రెంటికీ అర్థం రాయడం కాగితం దండగ. చిక్కంతా "ప్యూర్ బ్రీడ్" దగ్గరే. కులంలో పుట్టినదని చెప్పడానికి పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయంలో ఒక సూత్రం చేశాడు. దాని ప్రకారం కుల శబ్దం "కౌలేయకము" అవుతుంది, అర్థం కుక్క. అదే సూత్రాన కుక్షి "కౌక్షేయకము" అయి కత్తినీ, గ్రీవ "గ్రైవేయకము" అయి మెడలో నగనూ చెబుతాయి. మనిషికి "కులీనుడు" అని వేరే దారి ఉంది. వంశం చెప్పుకునే పనిని వ్యాకరణం ఏనాడో కుక్కకు ఒప్పగిస్తే, గృహస్థు గొలుసు ఇవతలి కొస పట్టుకుని ఆ పని తానే చేస్తున్నాడు. ఇక కుక్కకు మరో పేరు "సారమేయము", అంటే దేవతల కుక్క సరమ బిడ్డ. ఇదే నదికి ఎగువన రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన భారతం ఆరంభంలోనే, జనమేజయుడి తమ్ముళ్లు యాగం దగ్గర ఆ పిల్లను తప్పేమీ లేకుండా కొట్టారు. సరమ వచ్చి నిలదీసింది గానీ తన బిడ్డది ఏ బ్రీడో చెప్పలేదు, జనమేజయుడూ అడగలేదు. భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన దాని కాగితాలూ ఎవరూ చూడలేదు. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడి అభ్యంతరం కుక్క అని. ఏం కుక్క అని కాదు.

కావ్యాల మాట అటుంచండి, జాతులు శాస్త్రసిద్ధమే కదా అని పూర్వపక్షం. కుక్క మనిషిని చేరి 14,000 ఏళ్లు దాటింది. వేటకూ కాపలాకూ పనికొచ్చేవాటిని ఏరుకోవడమూ పాతదే. వంశావళి రిజిస్టరు పెట్టి తలుపులు బిగించడం మాత్రం నిన్న మొన్నటిది. లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. డాక్సండ్ జాతి పొట్టికాళ్లకు మూలం ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనంగా పడ్డ ఒక నకలు అని 2009లో తేలింది. మన దగ్గర నకలు దస్తావేజుకు బ్యాంకులో అప్పు పుట్టదు, అక్కడ వంశమే పుట్టింది! 1954 దాకా ఫ్రెంచివారేలిన యానాంలో ఫ్రెంచి బుల్‌డాగ్‌కైనా వారసత్వం చెల్లుతుందంటారా? దాని పూర్వులు ఇంగ్లీషు బుల్‌డాగులు. మన నరసాపురంలా లేసుకు పేరుపడ్డ నాటింగ్‌హామ్ పనివాళ్లు పొట్ట చేతపట్టుకుని ఫ్రాన్సుకు వలసపోతూ వెంట తీసుకెళ్లారు. పోనీ, బ్రీడును బట్టే గుణం అంటారా? 18,000కు పైగా కుక్కల మీద 2022లో వెలువడిన పరిశోధనలో, ఒక కుక్క నడతకూ మరోదాని నడతకూ ఉన్న తేడాల్లో బ్రీడు వల్ల వచ్చింది దాదాపు 9 శాతమే.

ఈ శుద్ధి ఎలా వస్తుందన్నది అసలు ప్రశ్న. మేనరికం వద్దని డాక్టరు చెబితే తలూపే ఇంట్లోనే, వావివరసలు లేకుండా తండ్రికీ కూతురికీ క్రాసింగ్ చేయించి కన్న పిల్లను వేలు పోసి కొంటారు. తప్పు లక్షణాలు రెండు వైపుల నుంచీ కలిసొచ్చి పైకి తేలేది అక్కడే. పగ్‌కు ముఖం అణిచారు గానీ, లోపలి అంగిలి ఆ మేరకు తగ్గలేదు. ముక్కు రంధ్రాలు సన్నబడ్డాయి. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పు వల్లే. నాలుక మీది తడి ఆరితేనే ఆ రొప్పుకు ఫలం. గౌతమి ఒడ్డున మే నెల ఉక్కలో తువ్వాలే ఆరదు, నాలుకేం ఆరుతుంది? గేటు వెనక నుంచి వచ్చే ఆ గురగురను యజమాని ముద్దు అంటాడు. అది గాలి కోసం పెనుగులాట. ఊరకుక్క పొడుగు మూతితో కల్వర్టు నీడన పడి నిద్రపోతుంటుంది.

మిగిలింది "అండి". అది దారినపోయేవాడికి చేసిన మర్యాద. కుక్క నీళ్ల గిన్నె ఇంకా ఎండలోనే ఉంది.