కోలుకున్నారా? ఇక కాసుకోండి!

కరోనా ఉన్నన్నాళ్లూ గడప దగ్గరికి రావడానికి జడిసినవాళ్లే, నెగెటివ్ అని తేలగానే వరసకట్టారు. రక్తపరీక్షల ల్యాబు వాడొచ్చాడు. స్కానింగు వాడొచ్చాడు. కషాయం పొడి వాడొచ్చాడు. ఇమ్యూనిటీ బిళ్లల వాడొచ్చాడు. రానిది ఒక్కటే. సర్కారు!

అబ్బే, రాలేదంటే కళ్లు పోతాయి. వచ్చింది. కోలుకున్నవాళ్లు ఎలా మెలగాలో 2020 సెప్టెంబర్ 13న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక నియమావళి విడుదల చేసింది. యోగా చెయ్యండి. గోరువెచ్చని నీళ్లు తాగండి. పసుపు పాలు పుచ్చుకోండి. పొద్దున్నే చెంచాడు చ్యవనప్రాశ తినండి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది మహాప్రభో అంటే, చెంచా నాకు నాయనా అన్నమాట! చికిత్స చేసిన ఆస్పత్రికే వారంలోగా ఒకసారి చూపించుకోమనీ అందులో ఉంది లెండి. అక్కడి బిల్లు కట్టడానికి పుస్తెలతాడు తాకట్టు పెట్టినవాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కుతాడా?

ఈ చిట్కా వైద్యం కొత్తదేం కాదు. 2020 మార్చిలో అప్పటి మన ముఖ్యమంత్రులిద్దరూ పారాసిటమాల్ గోళీ మీద భారం వేశారు. ఇటు కేసీఆర్, అటు జగన్. జగన్ గారు బ్లీచింగ్ పౌడర్ కూడా జత చేశారు. ఏడాది తిరిగింది. 2021 ఏప్రిల్‌లో కేసీఆర్ గారికే వైరస్ సోకింది. ఆయన కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లి సీటీ స్కాన్ తీయించుకున్నారు. తప్పేం లేదు. ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. మరి మాకు గోళీ, మీకు స్కానా?

ప్రైవేటు దోపిడీని అరికట్టామని చెప్పుకున్నారు కదా, ఆ ముచ్చటా చూద్దాం. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం రేట్లు ఖరారు చేసింది. మామూలు వార్డుకు రోజుకు 4,000 రూపాయలు. ఐసీయూకు 7,500. వెంటిలేటర్ పెడితే 9,000. భేష్! మరి బిల్లులు లక్షల్లోకి ఎలా పాకాయి? ఖరీదైన మందులు, పీపీఈ కిట్లు, స్కాన్లు ఆ లెక్కలోకి రావట. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీశాక, దొంగ ఎలా దూరాడని కమిటీ వేసి విచారించాలా?

రెమ్‌డెసివిర్ సంగతి మరిచిపోయారా? ఆస్పత్రిలో చేరినవాళ్లకు అది వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబర్‌లోనే చెప్పింది. 2021 ఏప్రిల్లో మన ఆస్పత్రులు చీటీ రాసి, 'మీరే తెచ్చుకోండి' అని చేతులు దులుపుకున్నాయి. కొడుకులు ఊరంతా తిరిగారు. బ్లాకులో కొన్నారు. కోలుకున్నవాళ్ల ప్లాస్మా కోసం ముక్కూమొహం తెలియనివాళ్లకల్లా ఫోన్లు చేసి బతిమాలారు. ఆ ప్లాస్మా వల్ల ఉపయోగం లేదని మే 17న చికిత్సల జాబితా నుంచి తీసేశారు. తిరిగిన కాళ్లకు జవాబెవరు?

అన్నిటికంటే ఘోరం స్టెరాయిడ్ల కథ. డెక్సామెథసోన్ ప్రాణం నిలుపుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. ఎవరికి? ఆక్సిజన్ అవసరం పడ్డవాళ్లకు. మిగతావాళ్లకు దానివల్ల మేలు లేదనీ అప్పుడే చెప్పారు. మన దగ్గర ఏం జరిగింది? చీటీ ఒకటి వాట్సాప్‌లో తిరిగింది. ఐవర్‌మెక్టిన్, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, జింకు, సి విటమిన్, అట్టడుగున పొద్దున ఒకటి రాత్రి ఒకటి స్టెరాయిడ్ బిళ్ల. బావగారికి రాసింది బావమరిది మింగాడు. ఆయనకు తగ్గిందని పక్కింటాయన మింగాడు. మందుల షాపువాడు ఒక్క ప్రశ్న అడిగాడా? 'ఎన్ని షీట్లు కావాలి?' అని మాత్రం అడిగాడు. షుగర్ ఎంతుందో చూసుకున్నవాడు లేడు, చూసుకోమన్నవాడూ లేడు.

ఫలితం? బ్లాక్ ఫంగస్. దాన్ని తప్పనిసరిగా సర్కారుకు తెలపాల్సిన జబ్బుగా తెలంగాణ ప్రకటించింది 2021 మే 20న. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి జనం పోటెత్తారు. కరోనాను గెలిచి వచ్చినవాళ్లు కన్ను పోగొట్టుకున్నారు. పైదవడ పోగొట్టుకున్నారు. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం ఇళ్లవాళ్లు మళ్లీ అవే రోడ్లు పట్టారు.

అన్నట్టు, అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ గారు కూడా ఈఎన్‌టీ వైద్యుడే. 2021 ఫిబ్రవరి 19న ఆయన ఎక్కడున్నారు? రాందేవ్ బాబా పక్కన, ఆయన కరోనిల్ మందు వేదిక మీద! డాక్టర్ మంత్రే అక్కడ చిరునవ్వులు చిందిస్తే, కృష్ణపట్నం ఆనందయ్య గారి మందు కోసం నెల్లూరు దారి పట్టిన జనాన్ని మూఢులని ఎలా అంటారు? ఆ మందు హాని చేయదు, కరోనా తగ్గిస్తుందన్న ఆధారమూ లేదు అని చెప్పి మరీ మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపిణీకి ఊ అంది. ఆధారం లేదట, అనుమతి ఉందట! ఆస్పత్రిలో మంచం దొరకనివాడికి ఆ లేహ్యం తప్ప మీరు చూపించిన దారేది?

ఇంకా అయిపోలేదు. నెలలు గడిచినా నీరసం, ఆయాసం, మతిమరుపు వదలకపోతే అదీ జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో నిర్వచనం ఇచ్చింది. మన దగ్గర దాని పేరు 'సోమరితనం'. మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు. మేనేజర్ మొహం చిట్లిస్తాడు. ఇంట్లోవాళ్లు 'లేచి నాలుగడుగులు వేస్తే అదే పోతుంది' అంటారు.

మీ జిల్లా ఆస్పత్రిలో ఇలాంటివాళ్లకు ఓపీ ఉందా? ఏ గదిలో? ఏ రోజు? ఊపిరితిత్తుల డాక్టర్ పోస్టు నిండి ఉందా, ఖాళీయా? సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుం పది రూపాయలు దాటదు. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. చ్యవనప్రాశ డబ్బా కంటే చవక. రేపే పెట్టండి.