మెగాపిక్సెల మాహాత్మ్యము

పూర్వకాలమున క్షేత్రమాహాత్మ్యములును, వ్రతమాహాత్మ్యములును పుట్టి, వానిని విన్నవారికి సకలపాపక్షయమగునని ఫలశ్రుతులు చెప్పెడివి. మన కాలపు కొఱత తీర్చుటకు మెగాపిక్సెల మాహాత్మ్యమొకటి వెలసినది. దీని పౌరాణికుడు కెమెరాల దుకాణమున గాజుబల్ల వెనుక నిలుచుండును, శ్రోత జేబు తడుముకొనుచు ముందు నిలుచుండును, "మీ దగ్గరున్నది 12 మెగాపిక్సెళ్లేనా సార్? అయ్యో!" యని యాతడు విడిచిన నిట్టూర్పునకు, నిన్నటిదాక ఇంటిల్లిపాది ముఖములను చక్కగా చూపుచుండిన పాత కెమెరా ఆ క్షణముననే పనికిమాలినదై అటుకెక్కుటకు సిద్ధమగును.

ఈ పురాణములోని గణితము నొకింత విచారింతము. 12 మెగాపిక్సెళ్ల చిత్రమనగా అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలు గలది. మంచి పుస్తకములలో బొమ్మలు వేయు లెక్కన, అంగుళమునకు 300 చుక్కల వంతున, అది 13 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల ఎత్తు గల పటమునకు చాలును. అంతటి పటమును గతించిన తాతగారికి తప్ప, బ్రదికియున్నవారికి కట్టించి గోడకు వ్రేలాడదీయు ఆచారము మన యిండ్లలో అరుదు. 12 వదలి 16 కొన్న భక్తునికి చిత్రపు వెడల్పున అదనముగా దక్కునది నూటికి 15 పాళ్లు మాత్రమే. వెడల్పు ఇబ్బడి కావలెనన్నచో 24 చాలదు, 48 కావలెను. పైగా చేతిలో నిముడు సామాన్యపు కెమెరాలో వెలుతురు పడు ఫలకము 6 మిల్లీమీటర్లకు కొంచెము మించిన వెడల్పును, 5 మిల్లీమీటర్లు నిండని ఎత్తును గలది. దానిని పెంచక, అందులోనే మఱిన్ని చుక్కలను క్రుక్కినచో, ఒక్కొక్క చుక్కకు దక్కు వెలుతురు తగ్గి, దీపాలవేళ తీసిన పటమున బంధువుల ముఖముల నిండ బొంబాయిరవ్వ చల్లినట్లుండును. ఇంతయు జరిగిన పిమ్మట ఆ పటమును చూచుట దేనియందు? సుమారు 20 లక్షల చుక్కలు గల టెలివిజను తెరమీద. అదియు కానిచో అఱచేతిలోని ఫోనునందు, వాట్సాప్ దానిని కుదించి పంపిన పిదప.

1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు నిర్మించిన తొలి డిజిటల్ కెమెరాకు ఉండినవి 10,000 చుక్కలే; ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపు మీది కెక్కించుటకు దానికి 23 సెకనులు పట్టెడిది. ఆ దశను దాటి మనమెంతో దూరము వచ్చితిమి, సందేహము లేదు. కాని అంతకు ఎన్నో దశాబ్దములు ముందే, ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువున ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదమందిన రాజా దీన్‌దయాళ్, సికిందరాబాదున స్టూడియో పెట్టి, బరువైన కొయ్యకెమెరాతో గాజుపలకల మీద తీసిన దర్బారులును, వేటలును, భవనములును నేటికిని కన్నులకు కట్టుచున్నవి. వెలుతురును కొలుచు యంత్రము ఆయన కెమెరాలో లేదు. తీసినదానిని తక్షణమే చూపు తెర లేదు. కావున పలకను వెలుతురునకు చూపుటకు ముందే ఆయన తన కన్నులతో చూడవలసివచ్చెను. మనము తీసిన పిమ్మట చూచుచున్నాము. అదియైన చూచుచున్నామా యనునది వేఱు ప్రశ్న. ఆ గాజుపలక పెద్దది గదా, అందుచేతనే సూక్ష్మాంశములన్నియు పడినవని భక్తుడు వాదించును. నిజమే; అయినచో ఆ ఘనత ఫలకపు వైశాల్యమునది గాని, పెట్టె మీద అచ్చొత్తిన అంకెది గాదని తన నోటనే యొప్పుకొన్నట్లు గదా!

ఇక వ్రతవిధానము. కటకము మీద కొబ్బరినూనె వ్రేలిముద్ర యొకటి పడియుండును. 20 మెగాపిక్సెళ్లును ఆ మసకను పరమవిశ్వాసముతో నమోదు చేయును. మెత్తని గుడ్డతో దానిని తుడుచుటకును, మీటను సగము నొక్కి కెమెరా దూరమును సరిచూచుకొనువఱకు ఒక్క క్షణము నిలుచుటకును పైకము అక్కఱలేదు గనుక, ఆ రెండును పురాణమున చెప్పబడలేదు. గోలకొండ కోటలో రాత్రివేళ ప్రదర్శన చూడబోయిన భక్తుడు, పది పండ్రెండడుగులు మించి పాఱని ఫ్లాషును కొండమీది బురుజుపైకి ప్రయోగించును. వెలిగినవి ముందువరుస పెద్దమనుష్యుల బట్టతలలు. ఫ్లాషు నార్పి, కెమెరాను ఏ పిట్టగోడ మీదనో కుదురుగా పెట్టి, రెండు సెకనుల టైమరు వేసినచో బురుజు తానుగా వచ్చి పటమున కూర్చుండును. అదే భక్తుడు మిట్టమధ్యాహ్నపు టెండలో మనుష్యులను నిలబెట్టి, కనుగుంటలలో నల్లని నీడలు పడుచుండగా, ఆ నీడలను తీర్చగల ఫ్లాషును మాత్రము పొదుపుగా దాచుకొనును! చార్మినారు మొదట పిల్లవానిని నిలిపి, నాలుగు మీనార్లును పడవలెనని వెనుకకు వెనుకకు నడచి, తుదకు పిల్లవాడేడీ యని వెదకువారును కలరు. మీనార్లను దూరముననే యుంచి పిల్లవానిని దగ్గఱకు పిలిచినచో ఇరువురును దక్కుదురు.

అన్నిటికంటె జాలిగొలుపునది పెండ్లిపీటల మీది మధుపర్కముల గతి. కెమెరాలోని కొలమానము లోకమంతయు సగటున బూడిదరంగని నమ్మునది; ఎదుట తెలుపు నిండియున్నచో, ఎండ మిక్కుటమైనదని భ్రమించి, చిత్రమును చీకటి చేయును. వధూవరుల తెల్లని వస్త్రములు మాసినట్లగును. నల్లరాతి విగ్రహమును తీసినచో, తద్విరుద్ధముగా, అది వెలిసిపోవును. దీనికి మందుగా ప్లస్సు మైనస్సు గుర్తులు గల మీట సామాన్యపు కెమెరాలలో సైతము తఱచుగా నుండును. తెలుపునకు ఒక మెట్టు ప్లస్సు, నలుపునకు ఒక మెట్టు మైనస్సు. కాని ఆ మీటను ముట్టుటకంటె లక్ష రూపాయల కొత్త కెమెరాను కొనుట మనవారికి సులభముగా తోచును.

ఆటపాకలో కొల్లేటి గూడబాతుల ముక్కులను దూరమునుండి పట్టదలచినవానికి పొడవైన కటకము కావలసినదే. వానితో నాకు తగవు లేదు. నా తగవు పెరటిలోని మందారమును తీయుటకు ఆ కటకమును కొన్నవానితో.

ఈ పురాణపు ఫలశ్రుతి మఱియు విచిత్రము: మనుష్యుడు నవ్వినపుడే తానుగా చిత్రము తీయు కెమెరా! దానిని మెడలో వేసికొని అప్పగింతలకు వచ్చిన మేనమామ, అందఱును వెక్కివెక్కి యేడ్చుచుండుటచే యంత్రము కదలకుండుట చూచి, "ఒక్కసారి నవ్వమ్మా, ఒక్కసారి" యని పెండ్లికూతురిని బతిమాలుకొనును. ఆ మాట విన్న ఆమె తండ్రి కన్నీళ్ల నడుమనే మేనమామవంక తిరిగి పండ్లు కొఱుకును. కెమెరా దానినే నవ్వని యెంచి, టక్కున చిత్రము తీయును.