అల్లుడుగారి కొత్త పర్మిషన్లు

ఆఫీసు పనులు నడిపే జిరా, కాన్‌ఫ్లుయెన్స్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు వాటి వెనక ఒక అడ్మిన్ ఉంటాడని తెలియదు. ఏదన్నా ఆగిందంటే మాత్రం నా నంబరూ, మా అల్లూరులో కరెంటు పోయే వేళలూ అందరికీ కంఠతా వస్తాయి.

అసలు సాఫ్ట్‌వేర్‌తో నాకు పేచీ లేదు. దానికి తగిలించిన యాప్‌లతోనే వచ్చింది. క్లౌడ్‌లో చిన్నాచితకా అప్‌డేట్లు వాటంతటవే అయిపోతాయి. యాప్ కొత్త పర్మిషన్ అడిగితేనే అడ్మిన్ ఒప్పుకోవాలి. అక్కడ మొదలవుతుంది కొత్తల్లుడి వరస. పెళ్లికి ఉంగరం చాలన్నవాడు సంక్రాంతికి బండి అడిగినట్టు, మొన్నటిదాకా సెలవుల క్యాలెండరు చూపించిన యాప్ ఇప్పుడు అందరి పేజీలూ చదివి, రాసి, చెరిపే హక్కు కావాలంటుంది. ఎందుకయ్యా అని రిలీజ్ నోట్స్ తెరిస్తే ‘కొన్ని లోపాలు సవరించాం’ అని ఒకే ముక్క. కాదంటే పాత వెర్షనే నడుస్తుంది, ఆ సవరణలు మాత్రం మనకు రావు.

మా హైదరాబాద్ ఆఫీసు పడుకునేసరికి డల్లాస్ ఆఫీసు లేస్తుంది కాబట్టి ఇలాంటి పనులకు ఆదివారం తెల్లవారుజామే గతి. ఆ వేళకు మెలకువగా ఉండేది నేనూ, రొయ్యల గుంట కాడ మా మామా. తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఏరియేటర్లు ఆగకుండా ఆయన కాపలా. గట్టు మీద సిగ్నల్ బాగుంటుందని ల్యాప్‌టాప్ అక్కడికే పట్టుకుపోతా.

“పన్జేస్తా ఉండేదాన్ని ఎందుకు కెలకతావబ్బయా?” అన్నాడు మామ.

2022 జులై సంగతి చెప్పా. కాన్‌ఫ్లుయెన్స్‌లో ప్రశ్నలు, జవాబుల కోసం దాన్ని తయారుచేసిన అట్లాసియన్ కంపెనీ తానే చేసిన యాప్ ఒకటుంది. సొంత సర్వర్లలో దాన్ని పెట్టుకున్నవాళ్ల దగ్గర అది తనంతట తానే ఒక ఖాతా తెరిచేది, ‘డిసేబుల్డ్‌సిస్టమ్‌యూజర్’ అని. పేరుకే డిసేబుల్డ్, లాగిన్ మాత్రం భేషుగ్గా అయ్యేది. పాస్‌వర్డ్ ప్రోగ్రాములోనే రాసిపెట్టారు, ఊరందరికీ ఒకటే. అది కాస్తా ట్విట్టర్‌కెక్కింది. యాప్‌ను పీకేసినా ఖాతా పోదు. అప్‌డేట్ చెయ్యాలి, లేదా ఆ ఖాతాను వెతికి తీసెయ్యాలి.

మామ మోటార్ల చప్పుడు ఒకసారి చెవిపెట్టి విన్నాడు.

“అంటే, వీడు పన్జెయ్యడని రాసిపెట్టినోడి కాడే తాళాలుండాయి. మా సొసైటీలో కూడా ఒకడుండాడులే. సరే, తొందరగా నొక్కు. కరెంటు పోయేటట్టుండాది. పోతే జనరేటరు ఏసేదాకా ఆ ల్యాప్‌టాప్ ఎలుగు ఇటు తిప్పాల.”