రైలు పద్యం: టీకా తాత్పర్య సహితం

తే. బల్ల తుడువక రైలును పైనఁ బెట్టు
వాని డయలున ముల్లదె వణకిపోవు
మెట్టు కానించి టార్కుతో మెల్ల బిగుచు
వాని మాటకు రైలది వంగి వచ్చు

అవతారిక: సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్‌కు లీనియర్ గైడ్ రైళ్లు బిగించే వేళ, శిష్యుడు అట్టపెట్టె విప్పీ విప్పకుండానే అలెన్ కీ అందుకోగా, ఫిట్టరు మేస్త్రి వాడి మణికట్టు పట్టి ఆపి చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: బల్ల = బెడ్డు మీద రైలు కూర్చునేందుకు గ్రైండింగ్ చేసిన పట్టీని; తుడువక = ఆయిల్‌స్టోన్‌తో బర్రు తీసి, థిన్నరు గుడ్డతో శుభ్రం చేయక; రైలును = ఇరుపక్కలా బంతులు దొర్లే గాళ్లున్న ఉక్కు పట్టాను; పైనఁ బెట్టు వాని = తొందరపడి పరిచేవాడి యొక్క; డయలున = డయల్ గేజీలో; ముల్లు అదె = ఆ ముల్లే (గేజీ చెడిపోలేదని భావం); వణకిపోవు = అటూ ఇటూ కొట్టుకొనును; మెట్టుకు ఆనించి = బెడ్డులో తీసిన రిఫరెన్స్ అంచుకు రైలు పక్కను నొక్కి; టార్కుతో = టార్క్ రెంచితో; మెల్ల = ఒకేసారి కాక విడతలుగా; బిగుచు వాని = బోల్టులు బిగించేవాడి యొక్క; మాటకు = పట్టుకు; రైలు అది వంగి వచ్చు = స్పష్టము.

తాత్పర్యం: తుడవనివాడు కొలతలో దొరికిపోతాడు. ఆనించి బిగించినవాడికి రైలు లొంగుతుంది.

విశేషాలు: చివరి పదబంధానికి ‘స్పష్టము’ అని పూర్వవ్యాఖ్యాతలు రాసి తప్పుకున్నారు కనుక నేనూ పైన అలాగే రాశాను. నిజానికి అసలు చిక్కంతా అక్కడే. రైలు వినయంతో వంగడం కాదు, నిజంగానే వంగుతుంది. రెండు మీటర్ల రైలును రెండు చివరలా పట్టి ఎత్తితే నడుమ జారడం కంటికే కనబడుతుంది. ఫ్యాక్టరీలో దాన్ని బిగించి ఉంచి గ్రైండ్ చేస్తారు. విప్పాక కాస్త వంపు తేలినా అది లోపం కాదు. తిన్నని బెడ్డు మీద బిగిస్తే తిన్నగా, వంకర బెడ్డు మీద బిగిస్తే అంతే శ్రద్ధగా వంకరగా కూర్చుంటుంది. మెషిన్ తిన్నదనం బెడ్డుది. రైలుకు దక్కిన కీర్తి అరువు సొమ్ము.

దీనిపై స్క్రేపింగ్ శాఖవారి ఆక్షేపణ ఒకటుంది. 1943లో పుట్టిన మెషిన్ టూల్స్ కంపెనీ ప్రాగా టూల్స్ నాటి సంప్రదాయం వారిది. బ్లూ పూసి, ఎత్తు చుక్కలు చూసి, చేత్తో గీకి స్లైడు సాధించినవారు. 1972లో జపాన్‌లో టీహెచ్‌కే కంపెనీవారు ఎల్ఎం (లీనియర్ మోషన్) గైడు తెచ్చాక విద్య అంతరించిందని వారి బాధ. విద్య ఎక్కడికీ పోలేదు, రైలు కిందికి దిగింది, అంతే. రైలు కూర్చునే పట్టీ మీద గోరు ఆడిస్తే తగిలే బర్రు ఒక్కటి చాలు, పైన ముల్లు ఎగరడానికి.

‘మెట్టు కానించి’ అన్నచోట ఏ పక్క అని కవి చెప్పలేదు. రెండు పక్కలూ కవలల్లా ఉంటాయి. గీతో బాణమో గుర్తున్న పక్కే ఆనించాలి.

‘టార్కుతో’ అన్నమాట చేతి అంచనా మతస్థులకు చెంపపెట్టు. ఎం5 బోల్టుకు ఉక్కు బెడ్డులో 8.8 న్యూటన్ మీటర్లు, పోత ఇనుములో 5.9, అల్యూమినియంలో 4.4. బోల్టు ఒకటే, మర ఏ లోహంలో ఉందో దాన్నిబట్టి అంకె మారుతుంది. ఒకటి గట్టిగా, పక్కది వదులుగా బిగిస్తే రైలు అలలు పోతుంది. 20 సైజు రైలుకు రంధ్రాలు 60 మిల్లీమీటర్లకొకటి. ముల్లు సరిగ్గా ఆ ఎడంలోనే లేచి పడుతుంటే నేరస్థుడెవరో విచారించనక్కరలేదు. బిగించే వరుస నడుమ నుంచి చివరలకా, ఒక కొస నుంచి మరో కొసకా అన్నది పాఠభేదం. రెండు వైపులా పెద్దలున్నారు.

పద్యంలో పెద్ద లోటు రెండో రైలు. కవి ఒక్కదానితో సరిపెట్టాడు. మొదటిది బిగించాక దానిపై జరిగే బ్లాకు మీద డయల్ స్టాండు నిలిపి, మొన రెండో రైలు పక్కకు తాకించి, జరుపుతూ ఒక్కో బోల్టూ బిగించాలి. ప్రీలోడున్న 25 సైజు జత సమాంతరతలో ఇరవై చిల్లర మైక్రాన్ల తేడాకు మించి ఓర్వదు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు. తప్పితే టేబులును చేత్తో తోసినపుడు ఒక చివర సులువుగా, మరో చివర బరువుగా కదులుతుంది. బాల్‌స్క్రూ కలిపాక తేడా చేతికి అందదు కనుక ముందే తోసి చూడాలి. బ్లాకును రైలు కొస నుంచి ఊరికే లాగితే బంతులు రాలిపోవచ్చని కూడా కవి చెప్పలేదు. డమ్మీ రైలు మీదికి ఎక్కించాలి.

బోల్టు రంధ్రాల మూతల ఊసూ లేదు. నైలాన్ సుత్తితో కొట్టి పైతలానికి సమంగా దించాలి. ఎత్తుగా మిగిలితే బ్లాకు సీలును కోస్తుంది, పల్లంగా దిగితే చిప్పు చేరుతుంది. నాలుగు పాదాల్లో పట్టలేదని కవిని వెనకేసుకొచ్చేవారు, సీసంలో రాసుండాల్సిందని నేను.