శూన్యానికి అప్పీలు

రొయ్యకు కూడా ఒకప్పుడు కోర్టు ఉండేది.

తాబేళ్లు చిక్కుకోని వలలు వాడని దేశాల రొయ్యలు మాకొద్దని అమెరికా నిషేధం పెడితే ఇండియా, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ కలిసి జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ గడప ఎక్కాయి. (ఇండియా, పాకిస్థాన్ ఒకే పక్షాన నిలబడ్డాయంటే అది రొయ్య మహిమే.) 1998లో అక్కడి పైకోర్టు తీర్పు చెప్పింది. తాబేలును కాపాడటం తప్పు కాదు గానీ, దేశానికో రకంగా రూలు నడపడం తప్పంది. అమెరికా మొహం మాడ్చుకుంది. కానీ పద్ధతి మార్చుకుంది.

2025 ఆగస్టు 27న అదే అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు శిక్ష. చమురు కొన్నది రిఫైనరీలు, దెబ్బ తిన్నది భీమవరం చెరువులో వెనామీ రొయ్య. యాంటీ డంపింగ్ సుంకాలు అదనం. కౌంటు ధర కోసేశారు. మేత బాకీ, కరెంటు బిల్లు మాత్రం ఎవరూ కోయలేదు.

మన మీదే పగ అనుకోకండి. ఆ ఏప్రిల్ 2 నాటి జాబితాలో అంటార్కిటికా దాపున ఉన్న హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులకూ 10 శాతం వడ్డించారు. అక్కడ మనుషులు ఉండరు. పెంగ్విన్లు ఉంటాయి. అవేం అమ్ముకుని అమెరికాను ముంచాయో తెలియదు గానీ, వాటికీ మనకూ ఒకటే దారి: జెనీవా.

జెనీవాలో సరస్సు ఒడ్డున భవనం చెక్కుచెదరలేదు. పైకోర్టులో ఏడుగురు ఉండాలి, కేసు వినడానికి ముగ్గురైనా కావాలి. 2019 డిసెంబరులో ఒక్కరు మిగిలారు. 2020 నవంబరు 30తో ఆ ఒక్కరి గడువూ అయిపోయింది. కొత్తవాళ్లను వెయ్యాలంటే అందరూ ఒప్పుకోవాలి. 166 సభ్యదేశాల్లో ఒక్కరు తల అడ్డంగా ఊపినా పని ఆగుతుంది. 130 దేశాలు కలిసి నెలనెలా అడుగుతూనే వచ్చాయి. అమెరికా తల అడ్డంగా ఊపుతూనే వచ్చింది. ఒబామా హయాంలో మొదలైన ఊపు ట్రంప్ హయాంలో ముదిరి, బైడెన్ హయాంలోనూ ఆగలేదు. జడ్జీలు హద్దు మీరుతున్నారని వాళ్ల ఫిర్యాదు. కొంత నిజమే కావచ్చు. తీర్పరి తీరు నచ్చకపోతే తగువు పెట్టుకోవచ్చు, రచ్చబండే పీకేస్తే ఎలా?

అసలు కిటుకు ఇక్కడుంది. కింది ప్యానెల్‌లో ఓడినవాడు అప్పీలు చేస్తాడు. వినే నాథుడు లేడు గనక అప్పీలు తేలదు. తేలలేదు గనక తీర్పు అమలు కాదు. వాళ్ల పరిభాషలో దీని పేరు 'శూన్యంలోకి అప్పీలు'. వాయిదాల మీద బతికే మన ప్లీడర్లకు కూడా ఇంత తెలివి తట్టలేదు. ఉక్కు సుంకాల కేసులో 2022 డిసెంబరులో ఓడిన అమెరికా ఇదే చేసింది.

మనమేమన్నా తక్కువ తిన్నామా? 2021 డిసెంబరులో పంచదార సబ్సిడీల కేసులో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా చేతిలో ఓడి, మనమూ ఆ శూన్యానికే దండం పెట్టి అప్పీలు పడేశాం. పైకోర్టును బతికించమని సభలో గట్టిగా అడిగేదీ మనమే.

ప్రపంచానికి ప్రభుత్వం లేదు, అందుకే ఈ అస్తవ్యస్తమని పండితులు నిట్టూరుస్తారు. ఎవరికి లేదు? 1991లో పి.వి. ప్రధాని అయిన కొత్తలో దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టుకు విమానమెక్కింది. ఐఎంఎఫ్ షరతులు చదువుకుంటున్న ఢిల్లీకి ఆనాడు ప్రపంచ ప్రభుత్వం నిక్షేపంగా కనిపించింది. అప్పు అడిగేవాడికి ఎప్పుడూ కనిపిస్తుంది.

ఆ ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా చేతిలో సుమారు 16.5 శాతం ఉన్నాయి. తక్కిన ప్రపంచమంతా ఒక్కమాట మీద నిలబడినా 83.5 దగ్గర ఆగుతుంది. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెతను ఇంత చక్కగా దశాంశాల్లో రాసినవాళ్లు లేరు. అక్కడి పెద్ద కుర్చీ మొదట్నుంచీ యూరప్ వాళ్లది, ప్రపంచ బ్యాంకు కుర్చీ అమెరికా వాళ్లది. అజయ్ బంగా హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారని మురిసిపోయాం. ఆయన ఆ కుర్చీ ఎక్కింది బేగంపేట సర్టిఫికెట్ మీద కాదు, అమెరికా పౌరసత్వం మీద.

కాబట్టి వెనామీ రైతు గారూ, మీరేం దిగులు పెట్టుకోకండి. అర్జీ రాయించుకోండి. ఢిల్లీ ముద్ర వేసి జెనీవాకు పంపితే పుచ్చుకుంటారు. కింది ప్యానెల్‌లో మీరు గెలవనూ వచ్చు. అప్పుడు అవతలివాడు అప్పీలు చేస్తాడు. ఆ కాగితాన్ని మన పంచదార కాగితం పక్కనే పెడతారు.