పైసా కదలకుండా యూనివర్సిటీ ఇవ్వడం ఎలా?

కొత్తగా మంత్రి పదవిలోకి వచ్చినవారు, రేపో మాపో రాబోతున్నవారు, వారి పేషీల్లో ఫైళ్లు నడిపేవారు ఈ చిట్కాలు చదివి భద్రపరచుకోగలరు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం అనగానే ఆర్థిక శాఖ మొహం చిట్లిస్తుంది. జనమా, అడగడం మానరు. ఇద్దరినీ ఒక్కసారే సంతోషపెట్టే మార్గం ఉంది. భద్రాచలం వాళ్లం, ఈ విద్య మాకు దగ్గరి నుంచి తెలుసు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు ఎక్కినప్పుడు వెయ్యి కోట్ల ప్రకటన విన్న ఊరు మాది. కోట్లు వినడంలో మా చెవులకు మంచి సాధన ఉంది.

పని ఎప్పుడూ పేరుతో మొదలుపెట్టండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు వెక్కిరించారు గానీ, పరిపాలనలో సరైన వరస అదే. రైల్వే వాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి దర్శనానికి వచ్చి అక్కడ దిగిన భక్తుడు ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో రావాలి. అయినా స్టేషన్ పేరులో మా ఊరు ఉందని మేం మురిసిపోతూనే ఉన్నాం.

యూనివర్సిటీకీ ఇంతే. హైదరాబాద్ కోఠీ మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు వచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయం 2025లో పొట్టి శ్రీరాములు పేరు వదిలి సురవరం ప్రతాపరెడ్డి పేరు తీసుకుంది. మహనీయుల పేర్లలో ఒక సౌలభ్యం ఉంది. “అధ్యాపకులు ఏరండీ?” అని అడిగినవాణ్ని “ఐలమ్మనే అవమానిస్తావా?” అని నోరు మూయించవచ్చు. మా జిల్లాకూ ఈ భాగ్యం దక్కింది. బొగ్గు గనుల కొత్తగూడెంలో గనుల చదువు 1978 నుంచీ ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయం కింద నడిచిన ఆ ఇంజినీరింగ్ కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం అయింది. మేం సంతోషించాం, ఉత్తుత్తినే కాదు, నిజంగానే. మీరు కూడా ఆ సంతోషం దగ్గరే ఆగండి. కొత్త పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ప్రయోగశాలకు ఏం వచ్చింది అని ఆరా తీయడం శుభకార్యంలో అపశకునం.

బడ్జెట్ ప్రసంగంలో కోట్లే చెప్పండి, శాతాల జోలికి పోవద్దు. 2025 మార్చి 19న మా ఉమ్మడి ఖమ్మం బిడ్డే, మధిర ఎమ్మెల్యే భట్టి విక్రమార్క ఆర్థిక మంత్రిగా 3,04,965 కోట్ల బడ్జెట్ పెట్టారు. అందులో విద్యకు 23,108 కోట్లు. వినడానికి ఎంత నిండుగా ఉంది! భాగహారం చేసే దుర్మార్గులు కొందరు ఉంటారు. వాళ్లకు ఏడున్నర శాతం పైచిలుకు వస్తుంది. ఆయన పార్టీ 2023 ఎన్నికల మేనిఫెస్టోలో విద్యకు ఉన్నది 15 శాతం. అప్పుడు తడబడకుండా “కిందటేడాది 21,292 కోట్లే, ఈసారి పెంచాం” అనండి. అదీ నిజమే కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు. ఆ మొత్తంలో పెద్ద వాటా బడులకు పోతుందనీ, విశ్వవిద్యాలయాలకు చేరేది ఆఖరి బంతి అనీ ప్రసంగంలో చెప్పాల్సిన అవసరం లేదు.

అసలు కిటుకు విడుదలలో ఉంది. దీన్ని మా ఊరి కథతోనే చెప్పాలి. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, శిస్తు వసూలు చేశాడు, మంజూరు లేకుండా గుడి కట్టేశాడు. అనుమతి తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. గోల్కొండ సుల్తాను తానీషా ఆడిట్ అభ్యంతరం లేవనెత్తాడు. ఫలితం గోల్కొండలో పన్నెండేళ్ల చెర అని కథ. చివరికి రామలక్ష్మణులు స్వయంగా వెళ్లి ఆరు లక్షల మొహరీలు కట్టి, రశీదు పుచ్చుకుంటే గానీ ఫైలు ముగియలేదు. ఆర్థిక శాఖ ఈ కథ నుంచి గట్టి పాఠం నేర్చుకుంది. రామదాసు మంజూరు లేకుండా ఖర్చు పెట్టాడు కనుక, మనం మంజూరు చేసి ఖర్చు పెట్టకుండా ఉండాలి. పద్దులో కేటాయింపు చూపండి. పరిపాలనా అనుమతి ఇవ్వండి. జీవో కాపీతో ఫొటో దిగండి. ఆ తర్వాత బడ్జెట్ విడుదల ఉత్తర్వు కోసం వాళ్లను తిరగనివ్వండి. అది వచ్చేసరికి మార్చి వస్తుంది, మార్చి 31న పద్దు మురిగిపోతుంది. పైగా “ఇచ్చింది వాడుకోలేదు, వినియోగ ధ్రువపత్రం ఏదీ?” అని వచ్చే ఏడాది కోత పెట్టొచ్చు. ఆరు లక్షల మొహరీలు పట్టుకుని దేవుడే ట్రెజరీకి వచ్చినా ఈ రోజుల్లో టోకెన్ నంబరు ఇచ్చి పంపుతారు.

టోకెన్ అంటే గుర్తొచ్చింది. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఈ పద్ధతిలోనే నడపాలి. డబ్బు ఇచ్చామని మనమూ అనొచ్చు, రాలేదని కాలేజీలూ అనొచ్చు, సర్టిఫికెట్లు ఇవ్వం అని వాళ్లు పిల్లలనూ అనొచ్చు. అందరికీ అనడానికి ఓ మాట మిగులుతుంది.

విశ్వవిద్యాలయాలకిచ్చే బ్లాక్ గ్రాంటు ఎప్పుడూ జీతాలకు, పింఛన్లకు కాస్త తక్కువ పడేలా చూసుకోండి. మిగతాది పరీక్ష ఫీజుల నుంచీ, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల నుంచీ సంపాదించుకొమ్మనండి. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు. మనం అంత కఠినులం కాదు. పెట్టం గానీ అడుక్కు తిననిస్తాం.

ఖాళీ పోస్టుల మాటెత్తితే బిల్లు పెట్టండి. నియామకం చేస్తే జీతం ఇవ్వాలి, బిల్లుకు కాగితం చాలు. 2022 సెప్టెంబర్‌లో అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకే నియామక బోర్డు అంటూ శాసనసభ బిల్లు ఆమోదించింది. గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సందేహాలున్నాయన్నారు, విద్యామంత్రి వెళ్లి వివరించి వచ్చారు, ప్రభుత్వం సుప్రీంకోర్టు మెట్లెక్కింది, 2023 ఏప్రిల్‌లో బిల్లు రాష్ట్రపతి పరిశీలనకు పోయింది. బిల్లులపై గవర్నర్ అధికారాలు చెప్పే రాజ్యాంగం 200వ అధికరణం ఎంత విశాలమైనదో చూడండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా అందరూ పనిలో ఉన్నారు, ఒక్క ఖాళీ కూడా నిండలేదు, తప్పు ఒక్కరిదీ కాదు. పాఠాలు ఎలాగూ కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్లు చెబుతూనే ఉంటారు. వాళ్లు క్రమబద్ధీకరణ కోసం టెంటు వేసుకుని కూర్చుంటే సానుభూతి తెలపండి. సానుభూతికి పద్దు అక్కర్లేదు.

అదే కట్టలో అటవీ విశ్వవిద్యాలయం బిల్లు కూడా ఢిల్లీ వెళ్లింది. చుట్టూ అడవి ఉన్నవాళ్లం, ములుగులో అట అని విని, మా పక్క జిల్లా ములుగే అనుకుని పొంగిపోయాం. తీరా చూస్తే అది సిద్దిపేట జిల్లా ములుగు.

ఉపకులపతి కుర్చీని అప్పుడప్పుడూ ఖాళీగా ఉంచాలి. 2024 మే 21న పది విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ఒకే రోజు ముగిసింది. మూడేళ్ల ముందే తెలిసిన తేదీ. అయినా అక్టోబర్ దాకా ఐఏఎస్‌లే ఇన్‌ఛార్జులు. ఇన్‌ఛార్జి అనేవాడు సంతకం పెట్టగలడు, నిర్ణయం తీసుకోడు. ఇంతకంటే పొదుపైన ఏర్పాటు ఇంకొకటి లేదు.

ఇక సరిహద్దు విద్య. ఇందులో మమ్మల్ని మించినవాళ్లు లేరు. 2014లో పోలవరం కోసం మా చుట్టూ ఉన్న మండలాలను ఆంధ్రలో కలిపారు. ఊరు తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రలోకి వెళ్లాయి. రాముడి గుడి ఇటు, పురుషోత్తపట్నంలో ఉన్న రాముడి పొలం అటు. ఎటపాక పిల్ల సంతకూ, ఆసుపత్రికీ మా ఊరే వస్తుంది. చదువు దగ్గరికి వచ్చేసరికి ఆమె వేరే రాష్ట్రం మనిషి. పునర్విభజన చట్టం 95వ సెక్షన్ ఉమ్మడి ప్రవేశాల కోటాను పదేళ్లకు మించకుండా కాపాడింది. 2024 జూన్‌కు ఆ పదేళ్లూ నిండాయి. ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో స్థానికేతరులకు తెరిచి ఉన్న 15 శాతం సీట్లను కూడా 2025లో తెలంగాణ ఆంధ్ర స్థానికులకు చాలావరకు మూసేసింది. 2022లో ఆమె జిల్లా కేంద్రం కొండల అవతలి పాడేరు అయింది. ఇటువంటి ఊళ్లను బాగా వెతికి పట్టుకోండి. ఇక్కడి పిల్లలకు విశ్వవిద్యాలయం ఇవ్వాల్సింది ఎవరన్న ప్రశ్నకు ఇద్దరు ముఖ్యమంత్రులూ చేయి అవతలికి చూపొచ్చు. ఇవతలి ఒడ్డు పిల్లలూ తక్కువ తినలేదు. మా డిగ్రీ కాలేజీ పట్టా ఇచ్చే కాకతీయ విశ్వవిద్యాలయం దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరాన వరంగల్‌లో ఉంది. మార్కుల మెమోలో అచ్చుతప్పు పడితే ఒక రోజు కూలీ, రానుపోను బస్సు ఛార్జీలు.

హామీని చట్టంలోనే రాయించగలిగితే మరీ మంచిది. గిరిజన విశ్వవిద్యాలయం 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో ఉంది. ఆంధ్రకు 2019లో ఇచ్చారు. తెలంగాణకు సమ్మక్క సారక్క పేరిట, 889 కోట్ల అంచనాతో, పార్లమెంటు ఆమోదించింది 2023 డిసెంబర్‌లో. ఈ తొమ్మిదేళ్లూ స్థలం ఇవ్వలేదని కేంద్రం, మీరే కదలలేదని రాష్ట్రం అంటూ వచ్చాయి. 2014లో పుట్టిన కోయ పిల్లాడు ఈలోగా నాలుగో తరగతికి వచ్చాడు. వాడు ఇంటర్ చదివేదాకా ఇంకా చాలా టైముంది, తొందరేం లేదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం మాత్రం వేరు. 2018లో చట్టం, 2020లో మొదటి ఐదింటికి అనుమతి. వేగంగా పనిచేయడం మనకూ తెలుసునని చూపడానికి అప్పుడప్పుడూ ఇలాంటిది ఒకటి ఉండాలి.

ఆఖరుగా అర్జీల సంగతి. సోమవారం భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో గిరిజన దర్బార్ జరుగుతుంది. మీరు పర్యటనకు వచ్చిన రోజున దుమ్ముగూడెం నుంచో చర్ల నుంచో ఎవరైనా పిల్లలు పీజీ సెంటర్ కావాలని కాగితం పట్టుకొస్తే చిరాకు పడకండి. “మంచి ఆలోచన, ఏ ఊరు బాబూ మీది?” అని అడగండి. ఉన్నత విద్య ఐటీడీఏ పరిధి కాదు కనుక అక్కడి ప్రాజెక్టు అధికారి, అంటే పీవో గారు, వరంగల్‌కు రాస్తారు. వరంగల్ వాళ్లు నిధులు లేవని ఉన్నత విద్యామండలికి రాస్తారు. మండలి ప్రభుత్వానికి రాస్తుంది. ప్రభుత్వం క్షేత్రస్థాయి నివేదిక కోరుతూ మళ్లీ పీవో గారికే పంపుతుంది. రశీదు మాత్రం తప్పకుండా ఇప్పించండి. తారీకు వేసి, స్టాంపు కొట్టించండి. మళ్లీ వచ్చినప్పుడు పాత నంబరు ఉంటే వెతకడం సులువు.